పార్కు వెనక గేటుకు తాళం వేయమన్నదెవరు?

ఈమధ్య ఉద్యానవన విభాగంలో కొత్తగా చేరిన ఒకతను మా ఇంటికి వచ్చాడు. "అంకుల్, ఈ ఉద్యోగంలో మొదట తెలుసుకోవాల్సిందేమిటి?" అని అడిగాడు. మొక్కల గురించి చెబుతాననుకున్నాడు. "నీ పార్కుకు ఎన్ని గేట్లున్నాయో, వాటి తాళంచెవులు ఎవరి జేబులో ఉన్నాయో చూసుకో" అన్నాను. నవ్వాడు. మొక్కల సంగతి మాలీలు నేర్పుతారు, పుస్తకాలు నేర్పుతాయి. గేట్ల సంగతి ఎవరూ నేర్పరు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను చదువుకున్న చోటు

మాది గోదావరి జిల్లాలో నర్సరీల ఊరు. అంటు కట్టడం, నారు పోయడం నాకు అక్షరాలతో పాటే వచ్చాయి. ఇంటర్ తర్వాత చదువు సాగలేదు. ఢిల్లీలో పార్కులు చూసుకునే సర్కారు విభాగంలో చిన్న ఉద్యోగం దొరికింది. సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. మధ్యలో ఏ మెట్టు ఎప్పుడెక్కానో రాయను, దానివల్ల ఎవరికీ లాభం లేదు.

చేరిన కొత్తలో మా ఆఫీసు వాళ్లకు ఒక నమ్మకం ఉండేది. దక్షిణాది వాడైతే చాలు, ఇంగ్లీషు దానంతటదే వచ్చేస్తుందని. "రావ్ జీ, మీరు మద్రాసీ కదా, ఈ డ్రాఫ్టు కాస్త చూడండి" అంటూ కాగితాలు నా బల్ల మీద పడేసేవారు. మద్రాసు నేను రైల్లోంచి కూడా చూడలేదు. నా ఇంగ్లీషు మా ఊరి హైస్కూలు ఇంగ్లీషు. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గేసి ఆదివారాలు లైబ్రరీకి వెళ్లడం మొదలుపెట్టాను. మొదట వ్యాకరణం పుస్తకాలు. అవి అయ్యాక పక్క అరలో ఉన్నవి. చెట్ల పుస్తకాలు, నగరాల చరిత్రలు, మునిసిపల్ చట్టాలు, ఏది చేతికి తగిలితే అది. గురువు లేడు, పరీక్ష లేదు, డిగ్రీ లేదు. అయినా మా విభాగంలో నాకన్నా ఎక్కువ చదివినవాడిని నేను చూడలేదు. ఇది గర్వంగానే రాస్తున్నాను.

ఊళ్లలో అందరికీ పార్కులు ఎలా వచ్చాయో నాకు తెలిసింది ఆ చరిత్ర పుస్తకాల వల్లే. రాజులు, జమీందార్లు సరదాపడి ఇచ్చినవి కొన్నే. ఫ్యాక్టరీల పొగలో బతికే మనుషులు తగాదా పడి సాధించుకున్నవి చాలా ఉన్నాయి. గోడలేని చోట పడుకుని ఆకాశం చూసే హక్కు కోసం మనుషులు పోట్లాడారని చదివినప్పుడు నా ఉద్యోగం మీద నాకు గౌరవం పెరిగింది.

ఎవరూ చేయని పనులు

ఇంగ్లీషు వచ్చాక ఇంకో కష్టం మొదలైంది. రోజూ చూసే బోర్డులన్నీ గుచ్చుకోవడం మొదలుపెట్టాయి. 'పార్క్ విల్ రిమైన్ క్లోజ్' అని రాసేవారు. చివరి 'డి' ఎక్కడికి పోయిందో ఎవరికీ పట్టదు. 'డిస్కస్ అబౌట్' అంటారు, 'రిటర్న్ బ్యాక్' అంటారు. కుక్కలు రాకూడదన్న బోర్డులో 'డాగ్స్' అన్న మాటకు ఎస్ ముందు, పైన ఒక కొమ్ము, అపాస్ట్రఫీ. ఎందుకయ్యా అని పెయింటర్ని అడిగితే, "సాబ్, ఎస్ బోసిగా ఉంటే బాగుండదు. ఆ చిన్న తోక పెడితేనే అందం" అన్నాడు. నేను చెరిపిస్తే, నేను సెలవులో ఉన్నప్పుడు మళ్లీ పెట్టాడు.

ఇవన్నీ చికాకులు. వీటి మీద రక్తపోటు పెంచుకోవడం తెలివితక్కువని మా ఆవిడ అంటుంది. ఒప్పుకుంటాను. కానీ ఒక్కటి మాత్రం చికాకు కాదు, మోసం. 'ఇట్ హ్యాజ్ బీన్ డిసైడెడ్'. నిర్ణయించబడినది. 'ఇన్‌కన్వీనియన్స్ ఈజ్ రిగ్రెటెడ్'. విచారించబడుచున్నది. ఎవరు నిర్ణయించారు? ఎవరు విచారిస్తున్నారు? ఆ వాక్యంలో మనిషే లేడు. వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు, అదే నా కోపం. 'తలుపు మూయబడింది' అని మన ఇళ్లలో ఏ తల్లీ అనదు. "తలుపెవడు మూశాడ్రా?" అంటుంది. మా ఆఫీసులో ఆ ప్రశ్న అడగకుండా ఉండడానికే అంత ఇంగ్లీషు నేర్చుకున్నారని నాకు అనిపించేది.

నోటి మాట

మా మీద ఖన్నా గారనే ఆఫీసరు ఉండేవారు. మంచి బట్టలు, మంచి మాట. చెడ్డవాడని చెప్పలేను. ఆయన దగ్గర ఒక్క గుణం ఉంది, దేని మీదా సంతకం పెట్టడు.

ఒకసారి ఎవరో పెద్దమనిషి కూతురి పెళ్లికి పార్కులో ఒక మూల ఇచ్చారు. ఖన్నా గారు ఫోన్ చేసి, "రావ్ జీ, నేరేడు చెట్ల కింద వంటలు పెట్టుకోనివ్వండి, చిన్న విషయం" అన్నారు. వంటవాళ్లు చెట్ల మొదళ్లలో పొయ్యిలు తవ్వారు. గంజి, మరిగిన నూనె, అంట్లు కడిగిన వేడినీళ్లు అన్నీ వేళ్ల మీదే పోశారు. మేం వద్దంటే, "సాబ్ ఒప్పుకున్నారు" అన్నారు. వానలొచ్చినా ఆ చెట్లు చిగురు వేయలేదు. ఎవరో ఫిర్యాదు చేస్తే, వంటలకు ఎందుకు అనుమతించావని నాకు మెమో వచ్చింది.

మెమో పట్టుకుని ఖన్నా గారి గదికి వెళ్లాను. ఆయన ఆశ్చర్యపోయారు. నటించారని కూడా అనను, నిజంగానే ఆశ్చర్యపోయారు.

"నేనా? నేనెప్పుడన్నాను, రావ్ జీ?"

ఆ రోజు నుంచి నాకో నియమం. నోటి మాట మీద గేటు తెరవను, గేటు మూయను. కొత్తగా చేరేవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే మిగతా పేజీలు చదవకపోయినా నాకు బాధ లేదు.

ఖాళీగా పడి ఉన్న స్థలం

ఆ తర్వాత నన్ను జనక్‌పురి వైపు ఒక పెద్ద పార్కుకు వేశారు, అక్కడా పైన ఖన్నా గారే. పక్కగా మెట్రో కొత్తగా తిరుగుతున్న రోజులు. దీపావళి ముందు ఢిల్లీలో మేళాల కాలం. ఒక ఈవెంట్ కంపెనీ నుంచి సాహ్నీ అనే అతను వచ్చాడు. ముప్ఫై ఏళ్లుంటాయి, మెడలో టై, చేతిలో ల్యాప్‌టాప్. ఖన్నా గారి గదిలో నా ఎదురుగానే చెప్పాడు. "సర్, ఇంత స్థలం ఖాళీగా పడి ఉంది. మేం దీన్ని యాక్టివేట్ చేస్తాం."

ఖాళీగా ఉందట! పొద్దున్నే నడిచేవాళ్లు, పళ్లూడిన నోళ్లతో పెద్దగా నవ్వే లాఫింగ్ క్లబ్ వాళ్లు, మధ్యాహ్నం పేకాడే పంజాబీ ముసలివాళ్లు, వెనక బస్తీ నుంచి ఇళ్లల్లో పనికి అడ్డదారిన వెళ్లే ఆడవాళ్లు. టికెట్టు కొనని మనుషులు అతని కంటికి మనుషుల్లా కనబడలేదు.

పార్కులో వేడుకలు జరగకూడదని నేననను. పూల ప్రదర్శనలు నేనే పెట్టాను. రామ్‌లీలా ఆడితే వెనక కూర్చుని చూశాను. అవి అందరివీ. చుట్టూ కనాత్ గుడ్డలు కట్టి, ముందు టికెట్ కౌంటర్ పెడితే అమ్ముతున్నది పాటలనూ కాదు, చాట్‌నూ కాదు, మన నేలను మనకే అమ్ముతున్నారు. చలివేంద్రంలో కుండ పక్కన గల్లాపెట్టె పెట్టడం లాంటిది. "పార్కు నిర్వహణకు డబ్బులొస్తాయి" అంటారు. మేళా పాడు చేసిన పచ్చికను మళ్లీ వేయడానికే ఆ డబ్బు చాలదని మా మాలీలందరికీ తెలుసు.

విశాలాక్షి గారు

పార్కు వెనక వీధిలో ఒక తెలుగు కుటుంబం ఉండేది. ఆయన కేంద్ర ప్రభుత్వంలో పనిచేసి రిటైరయ్యారు. భార్య విశాలాక్షి గారికి అంతకుముందు చలికాలంలో పక్షవాతం వచ్చి ఎడమ కాలు, చెయ్యి పడిపోయాయి, మాట కూడా తడబడింది. రోజూ రెండు పూటలా చదును నేల మీద నడవాలనీ, ఒక్క వారం మానినా కాలు మళ్లీ బిగుసుకుపోతుందనీ డాక్టరు గట్టిగా చెప్పాడు.

వాళ్ల గుమ్మం నుంచి పార్కు వెనక గేటు నాలుగడుగులు. ముందు గేటుకు వెళ్లాలంటే పెద్ద రోడ్డు మీదుగా చుట్టు తిరగాలి. అక్కడ ఫుట్‌పాత్ లేదు, ప్రైవేటు బస్సులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతాయి. ఎండాకాలంలో ఆవిడ చక్రాల కుర్చీలో వచ్చేది. వానల్లో వాళ్లాయన భుజం పట్టుకుంది. దసరాకు చేతికర్రతో పార్కు లోపలి నడక ట్రాక్ మీద సగం చుట్టు వరకు వెళ్లేది. అక్కడ బెంచీ మీద కూలబడి నన్ను పిలిచేది.

"రావుగారూ, ఆ గులాబీలకు అన్ని సేవలెందుకండీ? వాటికి నడవక్కర్లేదుగా. ఈ మలుపులో రాయి లేచింది, తీయించండి."

"రేపే తీయిస్తానమ్మా."

"రేపంటే సర్కారు రేపా, మామూలు రేపా?"

మేళా సంగతి విన్న రోజు మాత్రం ఆవిడ నవ్వలేదు. "నెల రోజులు గేటు మూస్తారటగా. పందిళ్లు వేయడానికి ఇన్నాళ్లు, పీకడానికి ఇన్నాళ్లు. నేను మళ్లీ మంచం మీదికి పోవాలి, అంతేగా? ఇంకోసారి లేచే ఓపిక నాకు లేదు రావుగారూ" అంది. వాళ్లాయన అటు తిరిగి చెట్లు చూస్తూ నిలబడ్డారు.

ప్లీజ్ డిస్కస్

ఖన్నా గారు పిలిచి చెప్పారు. "వెనక గేటుకు తాళం వేయించండి. ట్రాక్ కూడా మేళా లోపలికే వస్తుంది."

"రాసివ్వండి సాబ్."

"అరే, పైవాళ్లు ఒప్పుకున్నారు."

"ఏ పైవాళ్లు సాబ్?"

"పైవాళ్లంటే పైవాళ్లు!"

నేను ఫైల్లో రాసి పెట్టాను. వెనక గేటు మూస్తే రోజూ నడిచే జనానికి దారి ఉండదు, మూయాలంటే ఆదేశం రాతపూర్వకంగా ఇవ్వండి అని. ఫైలు తిరిగొచ్చింది. దాని మీద రెండే మాటలు, 'ప్లీజ్ డిస్కస్'. సర్కారు ఆఫీసుల్లో ఆ మాటలకు అర్థం, నా గదికి రా, కాగితం మీద పెట్టలేనిది చెవిలో చెబుతాను అని. వెళ్లాను. చెప్పారు. మళ్లీ ఫైల్లో, మాట్లాడాం, ఇప్పుడు ఆదేశం నమోదు చేయండి అని రాశాను. మళ్లీ 'ప్లీజ్ డిస్కస్'. పందిళ్ల కర్రలు దిగుతున్నాయి, ఫైలు మాత్రం మా ఇద్దరి మధ్య షటిల్ కాక్‌లా ఎగురుతోంది. ఈలోగా మా చౌకీదార్ రామ్‌ఫల్ రోజూలాగే తెల్లవారుజామున వెనక గేటు తెరుస్తున్నాడు.

సాహ్నీ నా దగ్గరికి వచ్చాడు. "అంకుల్, పొద్దున జనం తిరిగితే స్టాళ్లలో సరుకు పోతుంది. సాయంత్రం ఇటునుంచి ఊరికే లోపలికి వస్తే టికెట్ ఎవరు కొంటారు?"

"ట్రాక్‌కూ స్టాళ్లకూ మధ్య గుడ్డ కట్టండి. నడిచేవాళ్లు అటే నడిచి అటే పోతారు."

"కుదరదు అంకుల్. ట్రాక్ మీద ఫుడ్ కోర్ట్ ప్లాన్ చేశాం."

"నడవడానికి వేసిన దారి మీద కుర్చీలా?"

"మీరు చాలా ఎమోషనల్" అన్నాడు నవ్వుతూ.

మర్నాడు సాయంత్రం నాకు బదిలీ. ఫరీదాబాద్ రోడ్డు చివర, మా విభాగం మొక్కలు పెంచే నర్సరీకి. ఆ ఆదేశం మాత్రం రాతలోనే వచ్చింది. సంతకం, తారీఖు, ముద్ర అన్నీ ఉన్నాయి. దానికి డిస్కషన్ అక్కర్లేకపోయింది.

వెళ్లేముందు విశాలాక్షి గారింటికి వెళ్లాను. "అమ్మా, రేపటినుంచి నేనుండను. గేటుకు తాళం పడుతుంది. గొడవ పడొద్దు. ఆర్డరు చూపించమనండి. లేదంటే, రాసిమ్మనండి. ఆ రెండు ముక్కలు తప్ప ఇంకేమీ మాట్లాడకండి" అన్నాను.

"నా నాలుక తిరిగిందే మొన్న. దానికి రెండు ముక్కలు చాల్లెండి" అంది ఆవిడ.

తాళం

తర్వాత జరిగినప్పుడు నేను లేను. విశాలాక్షి గారు, వాళ్లాయన, రామ్‌ఫల్ వేర్వేరుగా చెప్పినవి కలిపి రాస్తున్నాను. ముగ్గురి మాటా ఒకటే.

నా స్థానంలో తోమర్ అనే అతను వచ్చి, వచ్చిన పూటే గేటుకు తాళం వేయించాడు. మర్నాడు పొద్దున ఆవిడ చేతికర్రతో వచ్చి గేటు ముందు నిలబడింది.

"మాతాజీ, ఆర్డర్ హై" అన్నాడు తోమర్.

"చూపించు."

"నోటితో చెప్పారు."

"అయితే నువ్వు రాసివ్వు."

తోమర్ ఏదో నచ్చజెప్పబోయాడు. ఆవిడ మళ్లీ "రాసివ్వు" అంది. వాళ్లాయన ఇంట్లోంచి మడత కుర్చీ తెచ్చి వేశారు. ఆవిడ అక్కడే కూర్చుంది. నడవడానికొచ్చిన మిగతావాళ్లూ ఆగారు.

ఇక్కడ కంపెనీవాళ్లు, ఖన్నా గారు వేసుకోని లెక్క ఒకటుంది. ఆ కాలనీలో సగం మంది రిటైరైన సర్కారు ఉద్యోగులు. జీవితమంతా సంతకం తప్పించుకుని బతికినవాళ్లు కొందరు, ఇరుక్కుని మెమోలు తిన్నవాళ్లు కొందరు. సంతకమంటే ఏమిటో వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. రాతపూర్వకంగా ఇవ్వమని అడగడం వాళ్లకు గొడవలా కాదు, పాత ఆఫీసుకు మళ్లీ వెళ్లినంత హుషారుగా ఉంది. పేకాట పంజాబీలు పేకలు మడిచి వచ్చేశారు. పనికి వెళ్లే ఆడవాళ్లు కూడా ఆగి, "భయ్యా, మాకూ ఒకటి రాసివ్వు, మేడమ్‌కు చూపిస్తాం ఎందుకు లేటయిందో" అన్నారట. పొద్దున, సాయంత్రం, మళ్లీ పొద్దున ఇదే. ఎవరూ అరవలేదు. తాళం ముట్టుకోలేదు. తోమర్ ఎటు నడిస్తే అటు ఒక కాగితం ఎదురొచ్చేది.

చివరికి సాహ్నీని వెంటబెట్టుకుని ఖన్నా గారే వచ్చారు. "మీరంతా చదువుకున్నవాళ్లు. ఇట్ హ్యాజ్ బీన్ డిసైడెడ్" అన్నారు ఇంగ్లీషులో.

"ఎవరు డిసైడ్ చేశారండీ?" అన్నారు విశాలాక్షి గారి భర్త.

 పేకాట పెద్దాయన ఒకరు ప్యాడ్ మీద తెల్లకాగితం పెట్టి, పెన్ను మూత తీసి అందించారు. "ఒక్క లైను చాలు సర్. ఈ పార్కు జనానికి మూశాను అని. కింద మీ పేరు."

ఖన్నా గారు పెన్ను వైపు చూశారట. తీసుకోలేదు. పక్కకు వెళ్లి ఎవరికో ఫోన్ చేశారు. అవతలివాళ్లూ ఏదీ రాసివ్వడానికి ఒప్పుకున్నట్టు లేదు. తిరిగొచ్చి తోమర్‌తో "దేఖ్ లో" అని కారెక్కారు. చూసుకో అని. ఏం చూసుకోవాలో చెప్పకుండా కిందివాడి నెత్తిన పడేసే మాట అది. తోమర్ ఒక్కడూ మిగిలాడు. ఒకవైపు సాహ్నీ, ఒకవైపు కాలనీ. ఏం జరిగినా మెమో తనకే వస్తుందని అర్థమై ఉంటుంది. రామ్‌ఫల్‌ను పిలిచి తాళం తీయించాడు.

నన్ను వెళ్లగొట్టిన భయమే ఆ గేటును తెరిచింది. ఇందులో ఎవరి మంచితనమూ లేదు. మంచితనం కోసం ఎదురుచూసి ఉంటే ఆవిడ ఇంకా ఆ కుర్చీలోనే ఉండేది. మీ ఆఫీసులో మీకు న్యాయం దొరక్కపోవచ్చు, భయం మాత్రం ఎప్పుడూ దొరుకుతుంది. దాన్ని ఎటు తిప్పాలో నేర్చుకోండి.

ఫుడ్ కోర్టు కుర్చీలు లోపలికి జరిగాయి. ట్రాక్ పక్కన గుడ్డ కట్టారు. దీపావళి ముందురోజు సాయంత్రం నాకు ఫోనొచ్చింది. వెనకాల లౌడ్‌స్పీకర్ల మోత.

"రావుగారూ, చుట్టు మొత్తం తిరిగాను."

"ఆగకుండానా?"

"సగంలో బెంచీ దగ్గర ఆగుదామనుకున్నా. సరిగ్గా అక్కడే గుడ్డకు అటువైపు జిలేబీ కొట్టు పెట్టాడు ముండాకొడుకు. ఆగితే కొనిపించుకుంటానని ఆగలేదు."

మరో పార్కు

మరుసటి ఏడాది అదే కంపెనీ ఢిల్లీలో ఇంకో పార్కుకు మారింది. నర్సరీ నుంచి ఇంటికి వస్తూ ఒక సాయంత్రం బస్సు దిగి చూడటానికి వెళ్లాను. ముందు టికెట్ కౌంటర్. వెనక గేటుకు తాళం. తాళం ముందు చేతిసంచీతో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. పైనుంచి ఆర్డరని లోపలి చౌకీదార్ చెబుతున్నాడు.

నేను దగ్గరికి వెళ్లి, "బాబూజీ, ఆ ఆర్డరు చూపించమనండి. మీ వెంట నేనూ నిలబడతాను" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఛోడో భాయ్, వదిలెయ్. పది రోజులేగా" అని రోడ్డు వైపు తిరిగాడు. చౌకీదార్ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని కుర్చీలో కూర్చున్నాడు.

ఆయన రోడ్డు దాటలేకపోతున్నాడు. బస్సులు ఆగడం లేదు. వెళ్లి చెయ్యి పట్టుకుని దాటించాను. అవతలికి చేరాక నన్ను దీవించాడు. గేటు దగ్గర ఒక్క మాట అడగని ఆ మనిషి మీద వచ్చినంత కోపం నాకు ఖన్నా గారి మీద కూడా ఎప్పుడూ రాలేదు.